సెలవు రోజు గడి

మార్చి 3

మావారి ఆఫీసు మేనేజరు వచ్చారు. చేతిలో పళ్ళ సంచి, ముఖం నిండా జాలి. ఊరక రారు మహాత్ములు అనుకుంటూనే టీ పెట్టాను. మావారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక ఆ ఆఫీసు నుంచి మా గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఈయనే. ఇన్నాళ్ళూ ఫోన్లలో "ధైర్యంగా ఉండండి" తప్ప వేరే ముక్క వినలేదు.

టీ సగం తాగాక అసలు సంగతి బయటపడింది.

"రోజూ షేర్ మార్కెట్ మూశాక సూచీ అంకెలు తెచ్చి పట్టికలో వేసే టూల్ ఉంది కదమ్మా, అది మీవారు రాసిందే. అందరం దాని మీదే బతుకుతున్నాం. అది ఎలా పనిచేస్తుందో మా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు. అంతా ఆయన బుర్రలోనే ఉంది. మీరు ఎలాగూ మాన్యువల్స్ రాస్తారని..."

"నేను రాసేవి వాషింగ్ మెషీన్లకీ, నీళ్ళ మోటార్లకీ అండీ."

"ఇదీ మోటారే అనుకోండి. నీళ్ళ బదులు అంకెలు తోడుతుంది."

చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి ఇంకో మాట అన్నారు. ఆయన మళ్ళీ పనిలోకి రాగలరా లేదా అన్నది నెలాఖరులోగా తేల్చమంటున్నారట పైవాళ్ళు. డాక్యుమెంట్ బాగా వస్తే, మనిషి బుర్ర బాగానే ఉందని చూపించడానికి ఈయనకి ఒక ఆధారం దొరుకుతుందట.

గొంతు తగ్గించి ఏం లాభం. ఆయన చెవులు పాము చెవులు. కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. మేనేజరు వెళ్ళాక, "మోటారు," అన్నారు. మాట స్పష్టంగా వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఎన్నాళ్ళకో.

ఈ రోజు బాగున్నారు.

మార్చి 5

మాటల టీచరు వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు ఆవిడకి పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది, మాకు మాత్రం మాటల టీచరే. వారానికి రెండుసార్లు వచ్చి బొమ్మల అట్టలు చూపించి ఆయనచేత పేర్లు చెప్పిస్తుంది. దువ్వెన చూపిస్తే "తాళం" అన్నారు. తాళం చూపిస్తే చాలాసేపు దానివైపే చూశారు.

"ఈ రోజు ఏం వారం?" అంది.

"ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని." దాటిపోయారు. మళ్ళీ మొదటికి వచ్చి ఈసారి గురువు దగ్గర గట్టిగా బ్రేకు వేసినట్టు ఆగారు. చెమట పట్టింది పాపం.

"వరసలో ఉన్న మాటలు నోటికి పట్టేసి ఉంటాయండీ. మొదలైతే వాటంతటవే దొర్లుతాయి. మధ్యలో ఆపడమే కష్టం," అంది టీచరు. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచింది. "ఆయనకి అన్నీ తెలుసు, అన్నీ అర్థమవుతున్నాయి. అవుననబోయి కాదంటారు, కాదనబోయి అవునంటారు. మాట కాదు, ముఖం చూడండి. ఇంకోటి. మీరు మాట అందించకండి. ఎంతసేపైనా ఆగండి."

సరే అన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది గానీ, అది చిన్నప్పటి మాట.

మార్చి 9

పని మొదలుపెట్టాం. ముందు గదిలో ఆయన బల్ల తుడిచి, కంప్యూటర్ పక్కన నాకో కుర్చీ వేసుకున్నాను. కుడిచెయ్యి ఇంకా బరువుగానే ఉంది. ఎడమచేత్తోనే టూల్ నడిపి చూపించారు. నోటికి రాని పని వేళ్ళకి వస్తోంది. ఎన్ని వందలసార్లు చేశారో ఆ పని.

ఇంతకాలం కాపురం చేసి, ఈ మనిషి పొద్దుగూకులూ ఏం చేస్తారో ఇవాళే చూశాను. మార్కెట్ మొదలైనప్పటి అంకె, రోజులో పైకెక్కినంత, కిందికి దిగినంత, మూసినప్పటి అంకె. రోజుకి నాలుగు గడులు. అంతే. ఇంత చిన్న పనికి అంత చాదస్తమా అనుకున్నాను. పైకే అన్నాను. మూతి ముడిచారు.

ఒకటి మాత్రం అర్థం కాలేదు. మార్కెట్ మూయగానే టూల్ వెళ్ళి అంకె తెచ్చుకోవచ్చు కదా, ఊరికే అలా కాలయాపన చేస్తుందెందుకని అడిగాను.

"అది... అది..." అని వెతుక్కున్నారు.

"నెట్ నెమ్మదిగా ఉంటుందనా? అందరూ ఒకేసారి అడుగుతారనా? మీకు ఆ టైములో ఆకలేస్తుందనా?"

చెయ్యెత్తి నా నోటికి అడ్డం పెట్టారు. పక్కనే టీ గ్లాసు ఉంది. హడావిడిలో వడకట్టడం మరిచిపోయాను. ఆ గ్లాసు ఎత్తి నా కళ్ళ ముందు పట్టుకున్నారు. పొడి ఇంకా తిరుగుతోంది. అలాగే పట్టుకుని కూర్చున్నారు, నేనూ చూస్తూ కూర్చున్నాను. పొడంతా అడుక్కి దిగాక ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టారు.

అయితే మూసిన వెంటనే వచ్చేది పచ్చి అంకె అన్నమాట. వాళ్ళు సరిచూసుకుని తేల్చాక గానీ అసలుది రాదు. రాశాను: "మార్కెట్ మూసిన వెంటనే అంకె తీసుకోరాదు. అది ఇంకా మారవచ్చు. టూల్ కొంతసేపు ఆగి, ఖరారైన అంకెనే తెస్తుంది."

చదివి వినిపిస్తే తల నిలువుగా ఊపారు. ఆ సంతోషం చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టాను.

మార్చి 10

ఈ రోజు బాగున్నారు. నేను మాట అందించడం లేదు. మొదటి అక్షరం మాత్రమే.

మార్చి 13

వదిన దిగింది. ఆయనకి అక్క, నాకు ఆడపడుచు, ఊళ్ళో అందరికీ న్యాయమూర్తి. మధ్యాహ్నం ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "తమ్ముడూ! భోంచేశావా!" అని అరిచింది. పక్కింట్లో కుక్క లేచి మొరిగింది.

"వదినా, ఆయనకి పోయింది మాట. చెవులు కాదు."

"తెలుసులేవమ్మా. ఆ పోయిన మాట కూడా నువ్వే ఆడుతున్నావుగా. పొద్దుట్నుంచీ చూస్తున్నా. వాడు నోరు తెరిస్తే చాలు, అందులోంచి నువ్వు బయటికొస్తున్నావు."

వదిన మాటల్ని పట్టించుకుంటే ఈ ఇంట్లో ఎప్పుడో సన్యాసం పుచ్చుకునేదాన్ని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆయన ఏమైనా అన్నారా నన్ను?

మార్చి 14

అనాలన్నా ఎలా అంటారు. సరే.

మార్చి 17

డాక్యుమెంట్ దాదాపు అయిపోయింది. ఒక్కటే ప్రశ్న మిగిలింది. సెలవు రోజు మార్కెట్ ఉండదు. మరి ఆ రోజు గడిలో ఏముంటుంది? నా వాషింగ్ మెషీన్ల బుద్ధికి జవాబు తేలిగ్గానే తట్టింది.

"సెలవు రోజున ముందు రోజు అంకే మళ్ళీ వేస్తుంది, కదండీ?"

"అవును," అన్నారు. అంటూనే ఎడమచేత్తో గాలిని తోసేశారు.

"అవునా, కాదా?"

"అవును. అవును. అ..." ముఖం కందిపోయింది. కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. ఎడమచేత్తో ఏదో కొట్టబోయారు. నేను మెల్లిగా కీబోర్డు తీసి పక్కన పెట్టాను.

"అలిసిపోయారు. ఈ పూటకి చాలు. నాకు అర్థమైంది."

బల్లమీద గట్టిగా చరిచారు. వంటింట్లోంచి వదిన తొంగిచూసింది. "ఏంటమ్మా?" అంటే, "ఏం లేదు వదినా, అలసట," అన్నాను.

మాట కాదు, ముఖం చూడమంది కదా టీచరు. చూశాను. అలసటే కనిపించింది.

రాశాను: "సెలవు రోజున టూల్ ముందు రోజు అంకెనే మళ్ళీ వేస్తుంది." వాక్యం శుభ్రంగా కుదిరింది.

మార్చి 18

భోజనం సరిగ్గా చెయ్యలేదు. నావైపు చూడలేదు. వాక్యం మళ్ళీ చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు.

మార్చి 20

డాక్యుమెంట్ పంపాను. మేనేజరు వెంటనే ఫోన్ చేసి, "అద్భుతం అమ్మా! చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యేలా ఉంది," అన్నారు. స్పీకర్‌లో పెట్టి ఆయనకి వినిపించాను. ఆయన లేచి గోడ పట్టుకుంటూ వరండాలోకి వెళ్ళిపోయారు.

నడక మెరుగైంది. ఈ రోజు బాగున్నారు.

మార్చి 24

పొద్దున్నే ఫోన్. ఆఫీసులో అన్నీ పరీక్షించే అమ్మాయి. ఎవరేం తయారుచేసినా గుచ్చి గుచ్చి రంధ్రాలు వెతుకుతుందని ఆయన ఆ పిల్లకి 'సూది' అని పేరు పెట్టారు. మాట బాగున్న రోజుల్లో రోజూ ఇంటికొచ్చి సూది కబుర్లు చెప్పేవారు.

"ఆంటీ, ఈ నెల సెలవు రోజు గడి ఖాళీగా కనిపించిందండీ. మీ డాక్యుమెంట్‌లో ముందు రోజు అంకె వేస్తుందని ఉంది కదా, టూల్ పాడైందనుకుని నేనే బాగుచేశాను. పాత సెలవులన్నిటికీ అంకెలు నింపేశాను. ఇప్పుడు సగటులన్నీ తప్పాయి. ఆ తప్పు లెక్కలే రిపోర్టులో వెళ్ళిపోయాయి. సార్ చాలా కోపంగా ఉన్నారు. నన్ను తిట్టారు, అది సరేలెండి, కానీ..."

కానీ తర్వాతది మేనేజరే ఫోన్ లాక్కుని చెప్పారు. "నేను ముందే భయపడ్డానమ్మా. సొంతంగా రాసుకున్న టూల్ సెలవు రోజు ఏం చేస్తుందో ఆయనకే గుర్తులేదు. పైవాళ్ళు అదే అంటున్నారు. పాపం, ఆయన్నేం అనలేం."

అప్పుడు చెప్పాలి నేను. ఆయన చెప్పలేదండీ, నేనే రాశాను అనాలి. నువ్వుగింజ నానని నోరు కుక్కిన పేనులా పడి ఉంది. "సరే అండీ," అని పెట్టేశాను.

వెనక్కి తిరిగితే ఆయన. పాము చెవులు.

మార్చి 25

నిన్నంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వదిన ఉప్పుడబ్బా ఏదంటే ఉలిక్కిపడ్డాను.

ఈ రోజు పొద్దున ఆయన పక్కన కూర్చుని కీబోర్డు ఆయన ముందు పెట్టాను. నేనేమీ అడగలేదు. ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం నొక్కి, పోయిన ఏడాది సెలవు రోజు ఒకదాని తారీఖు వేశారు. ఆయన కంప్యూటర్‌లోది సూది చెయ్యి పడని పాత టూల్. అది వెళ్ళింది, వచ్చింది. ముందు రోజుకి నాలుగు అంకెలు. తర్వాతి రోజుకి నాలుగు అంకెలు. మధ్యలో వరస తెల్లగా ఉంది.

ఒక్కసారి నడిపి చూస్తే తెలిసేది. ఆ రోజు ఆయన చెయ్యబోయింది అదే. నేనే కీబోర్డు తీసేసి ఆపాను.

"తప్పు నాదండీ. మీరు కాదన్నారు. నాకు కనిపించింది. కనిపించనట్టు నటించాను."

ఏడుస్తూనే చెప్పాను, ఏడుపు ఆపుకోదలచుకోలేదు. ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే నాకు ఊపిరాడదు. ఆ ఊపిరాడనితనం నాది. దాన్ని తప్పించుకోవడానికి ఆయన నోట్లో ఏదో ఒక మాట కుక్కేసి, అది సేవ అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఇదే చేశాను.

ఆయన నా తలమీద చెయ్యి వేశారు, ఆ బరువైన కుడిచెయ్యి. కష్టపడి ఎత్తి వేశారు. ఎంత బరువుగా ఉందో.

కాసేపయ్యాక అడిగాను. "ఎందుకండీ ఖాళీగా వదిలేస్తారు? ముందు రోజుది వేస్తే గీత అందంగా, తెగకుండా ఉంటుంది కదా?"

అడిగి నోరు మూసుకున్నాను. వదిన అరుగు మీది మొక్కలకి నీళ్ళు పోసి వచ్చింది. వీధిలో కూరగాయల బండి వచ్చి, బేరాలు అయ్యి, వెళ్ళిపోయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఆగిపోతున్నాయి. నా నాలుక కింద కనీసం పది జవాబులు దొర్లుతున్నాయి.

"ఆ రోజు," అన్నారు. తర్వాత చాలాసేపటికి, "లేదు."

ఆ రోజు లేదు. నేను రాసిన పేజీలన్నిటిలోనూ ఇంత మంచి వాక్యం లేదు. పాతది కొట్టేసి ఇదే రాశాను: "మార్కెట్ మూసి ఉన్న రోజున సూచీ లేదు. ఆ గడి ఖాళీగా ఉండాలి. ఎవరూ నింపరాదు."

మార్చి 26

మేనేజరుకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన కాదన్నారనీ, నేనే సొంత పైత్యం రాశాననీ.

అంతా విని, "మీ మనసు నాకు అర్థమవుతుందమ్మా. భర్తని కాపాడుకోవాలని ఎవరికుండదు," అన్నారు.

తప్పు చేస్తే నమ్మారు, నిజం చెప్తే నమ్మరు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు ఈ మేనేజరు. చివరికి, "సోమవారం మీటింగ్ ఉంది. ఆయన్ని తీసుకురండి. పైవాళ్ళు ఆయన్నే అడుగుతారు," అన్నారు.

ఆయనకి చెప్పాను. తల ఊపారు. నిలువుగా. రెండుసార్లు చూసి మరీ నిర్ధారించుకున్నాను.

మార్చి 28

పొద్దున్నుంచీ వరండాలో ఒక్కరే కూర్చుని వారాలు వల్లించుకుంటున్నారు. నేను వెళ్తే ఆపేస్తున్నారు.

మార్చి 29

భయంగా ఉంది. రేపు ఆ గదిలో మాట రాకపోతే? దువ్వెనని తాళం అన్నట్టు ఇంకేదైనా అంటే? ఇంట్లో కూర్చోబెట్టి నేను చూసుకోలేకనా. చూసుకుంటాను. కానీ ఆ అంకెల ముందు కూర్చుంటే తప్ప ఆయన ముఖంలోకి ఆయన రావడం లేదు. అది పోతే ఆయన్ని నేను ఎంత చూసుకున్నా లాభం లేదు.

వదిన నా చేతిలో పెద్ద పిప్పరమెంటు బిళ్ళ పెట్టింది. "రేపు లోపలికెళ్ళగానే నోట్లో వేసుకో. కరిగేదాకా మాట్లాడకు. కరిగాక కూడా మాట్లాడకు."

మార్చి 30

ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. గుండీలు నేను పెడతానంటే ఒప్పుకోలేదు. ఒక్క చేత్తో పెట్టుకునేసరికి బస్సు ఒకటి పోయింది.

మీటింగ్ గదిలో పొడుగు బల్ల. ఒకవైపు మేనేజరు, సూది, మధ్యలో అందరికీ పైవాడైన ఒక పెద్దాయన. ఇటువైపు మేమిద్దరం. నా నోట్లో పిప్పరమెంటు. పెద్దాయన మర్యాదగానే అడిగారు. మర్యాదగా, కాస్త గట్టిగా, వదినలాగే.

"సెలవు రోజు వస్తే మీ టూల్ ఏం చేస్తుందండీ?"

ఆయన నోరు తెరిచారు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచారు. మేనేజరు నావైపు చూశారు. పెద్దాయనా నావైపు చూశారు. నేను బల్లవైపు చూశాను.

"సోమ," అన్నారు ఆయన.

ఎప్పుడూ ఆదివారంతో మొదలుపెట్టే మనిషి. మార్కెట్‌కి వారం సోమవారంతోనే కదా అని నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం తప్పు మాట వచ్చిందనే అనుకున్నాను. సెలవు గురించి అడిగితే వారాలు చెప్తున్నారేమిటి అని పెద్దాయన కళ్ళజోడు తీశారు.

"మంగళ. బుధ."

ఆగిపోయారు. ఎడమచెయ్యి పైకెత్తి, ఖాళీ అరచెయ్యి వాళ్ళవైపు చాచారు. బుధ తర్వాత రావాల్సిన ఆ ఒక్క మాట నా పళ్ళ దగ్గరికి వచ్చేసింది, తోసుకొస్తోంది. పిప్పరమెంటుని పటపటా నమిలేశాను. ఆయన నుదుటి మీద చెమట. దొర్లుకుంటూ వచ్చే ఆ మాటని గొంతులోనే పట్టి ఆపుతున్నారు. దువ్వెన పేరు చెప్పడం కంటే ఎంత కష్టమో అది, నాకు తెలుసు, ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

"శుక్ర," అని చెయ్యి దించారు.

సూది కుర్చీలోంచి సగం లేచింది. "ఖాళీ! వదిలేస్తుంది సార్, నింపదు! నేను నింపకుండా ఉండాల్సింది!"

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఈసారి మామూలు గొంతుతో అడిగారు. "ముందు రోజు అంకె వేస్తే వచ్చే నష్టమేంటి?"

నేను బల్లవైపే చూస్తున్నాను. బల్లమీద ఎవరిదో కాఫీ కప్పు గుర్తు గుండ్రంగా ఉంది. ఆ గుండ్రం చుట్టూ కళ్ళతో ఎన్నిసార్లు తిరిగానో.

"అబద్ధం," అన్నారు ఆయన.

తడబాటు లేదు, వరస సాయం లేదు. పెద్దాయన ఏదో రాసుకున్నారు. మేనేజరు ముఖంలో పళ్ళ సంచీ నాటి జాలి ఎక్కడా లేదు. వచ్చే నెల నుంచి పూటపని. పొద్దున పూట ఆఫీసుకి రావాలి, సూది పక్కన కూర్చోవాలి. "ఆయన చెప్పేదాకా ఆగడం నీ పని," అని పెద్దాయన సూదికి చెప్పారు. నా పని ఆ పిల్లకి ఇచ్చేశారు.

తిరిగి వస్తుంటే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఆయన నావైపు తిరిగి ఏదో చెప్పబోయారు. "అది..." అన్నారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి అక్షరం కూడా అందించలేదు. "మన..." అన్నారు. ఏం చెప్పబోతున్నారో ఊహించుకోవడం మొదలుపెట్టాను. మన కష్టం తీరిందనా, మన రోజులు మారాయనా, ఇన్నాళ్ళూ మనం పడ్డదంతా... ఊహించడం కూడా అందించడమే అనుకుని అదీ మానేశాను. ఎంతసేపైనా ఆగుతాను. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. ఆయన చేత్తో కిటికీవైపు చూపిస్తున్నారు, నా భుజం తడుతున్నారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను, కళ్ళలో నీళ్ళు, పెదవుల మీద నవ్వు, ఎంతో ఓపికగా.

"మన... స్టాపు," అన్నారు చివరికి. "పోయింది."

కిటికీలోంచి చూస్తే ఎప్పుడూ చూడని వీధి ఏదో వెనక్కి పోతోంది. నేను ఎంత గట్టిగా నవ్వానంటే కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు. ఆయనా నవ్వారు. నవ్వుకి ఏ మాటా అక్కర్లేదు కాబట్టి బాగా నవ్వారు, పాత నవ్వే.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాం. ఆయన నడక నెమ్మది, చాలాసేపు పట్టింది. దారంతా ఆయనే మాట్లాడారు.